అడగని కాగితం: బరువు తక్కువ, గతి చెడ్డది

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పట్టణాల్లోని తెలుగు ఇళ్లకు అడగకుండా వచ్చిపడే ప్రచార కాగితం రెండు దిక్కుల నుంచి వస్తుంది. ఊళ్లో కొత్తగా తెరిచిన బట్టల దుకాణమో, నగల కొట్టో, ట్యూషన్ సెంటరో ఒడియాలోనూ తెలుగులోనూ వేయించే కరపత్రాలు ఒక దిక్కువి. విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళాల్లోని ఆసుపత్రులు, ఇంటర్ కళాశాలలు, ఇళ్ల స్థలాల వ్యాపారులు తెలుగు దినపత్రికల మడతల్లో పెట్టించి పంపే రంగు కాగితాలు రెండో దిక్కువి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మధ్యన గీత పడినా, పెద్ద జబ్బు చేస్తే విశాఖకు రైలెక్కడం, పిల్లల చదువుకు అటే చూడడం ఇక్కడి తెలుగు కుటుంబాలు మానలేదు. ఆ సంగతి వ్యాపారులకు బాగా తెలుసు కనుకనే ఇక్కడి గుమ్మాల్లో ప్రచారం ఒక పాలు ఎక్కువగా పోగుపడుతుంది.

దీని మీద రెండు రకాల ఫిర్యాదులు వినిపిస్తాయి. ఒకటి చిరాకుకు సంబంధించినది, రెండోది పర్యావరణానికి సంబంధించినది. రెండింటినీ కలిపి మాట్లాడడం వల్ల ‘ఒక కరపత్రం చించితే ఒక చెట్టును కాపాడినట్టు’ వంటి నినాదాలు పుడతాయి గాని, ఏ కాగితం ఎంత హాని చేస్తుందో, ఎక్కడ చేస్తుందో తేలదు. అది తేలాలంటే ముందు ఆ కాగితాన్ని పంపేవాడి లెక్క చూడాలి.

కరపత్రం వేయించే దుకాణదారుడు మూడు ఖర్చులు భరిస్తాడు: అచ్చు కూలి, కాగితం ధర, పంపిణీ. అచ్చు యంత్రం మీద ప్లేటు ఎక్కించడానికయ్యే ఖర్చు వెయ్యి ప్రతులకైనా పదివేల ప్రతులకైనా ఒకటే కనుక, సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో ప్రతి చౌక అవుతుంది. రెండు వేలు చాలునన్న చోట ఐదు వేలు వేయించడం, మిగిలినవి కూడలిలో నిలబడి వచ్చేపోయేవారి చేతుల్లో పెట్టించడం ఈ చౌకదనం వల్లనే. పంపిణీ ఇంకా చౌక. దినపత్రిక ఎలాగూ తెల్లవారుజామున ప్రతి గుమ్మానికీ వెళుతుంది. అందులో ఒక కాగితం దూర్చడానికి పేపర్ ఏజెంటు వెయ్యి ప్రతులకు ఇంత అని తీసుకుంటాడు. వెయ్యి మందిలో ఇద్దరు ముగ్గురు దుకాణం మెట్లెక్కినా పెట్టుబడి తిరిగి వస్తుంది. మిగిలిన తొమ్మిది వందల తొంభై ఏడు కాగితాలను ఊడ్చే పని, ఎత్తే పని, పారవేసే పని గృహిణిదీ, పురపాలక సంఘం పారిశుద్ధ్య కార్మికురాలిదీ. పంపేవాడి ఖాతాలో నాలుగో ఖర్చు లేనే లేదు. అడగని ప్రచారం ఏ రూపంలో ఉన్నా, అది కాగితమైనా ఫోన్ సందేశమైనా, దాని వెనుక ఉన్న అసలు కారణం ఇదే.

ఇక కాగితం పుట్టుక. ఈ ప్రాంతం వారికి అది దూరపు సంగతి కాదు. రాయగడ పక్కనే ఉన్న జేకేపూర్ కాగితం మిల్లు 1962 నుంచి నడుస్తోంది. ఆ ఊరి పేరే మిల్లు పేరు మీద వచ్చింది. దేశంలో రాత కాగితం, జిరాక్స్ కాగితం, అచ్చు కాగితం తయారుచేసే ప్రధాన కేంద్రాల్లో అది ఒకటి. తొలి దశాబ్దాల్లో ఇటువంటి మిల్లులకు ముడిసరుకు అడవి వెదురు. ప్రభుత్వాలు అడవులను కారుచౌకగా కౌలుకిచ్చి మిల్లులను పోషించిన కాలమది. 1988 జాతీయ అటవీ విధానం ఆ పద్ధతికి అడ్డుకట్ట వేసింది; అడవిని ఆధారం చేసుకున్న పరిశ్రమలు తమకు కావలసిన కలపను రైతులతో నేరుగా ఒప్పందాలు చేసుకుని పెంచుకోవాలని చెప్పింది. అప్పటి నుంచి మొక్కల పంపిణీ, తోటల పెంపకం పెరిగి, నేడు ఈ మిల్లుల వైపు వెళ్లే లారీల మీద ఎక్కువగా కనిపించేది సరుగుడు, నీలగిరి, సుబాబుల్ దుంగలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సరుగుడు తోటలు కూడా ఈ వ్యాపారంలో భాగమే.

కాబట్టి కరపత్రం అడవిని నరికి తయారైందన్న మాట ఇప్పుడు సూటిగా వర్తించదు. అయితే దానితో కాగితం నిర్దోషి అయిపోదు. కలప పండే భూమి మరో పంట పండకుండా ఆ నాలుగైదేళ్లూ అలా నిలుస్తుంది; ఒకే జాతి చెట్టు ఎకరాల కొద్దీ పెరిగిన చోట పక్షికీ పురుగుకీ దొరికేది తక్కువ. ఒక టన్ను రసాయనిక గుజ్జుకు ఎండు కలప సుమారు రెండు నుంచి రెండున్నర టన్నులు పడుతుంది, ఎందుకంటే కలపలో సగానికి సగం పీచు కాదు, పీచును పట్టి ఉంచే లిగ్నిన్ అనే జిగురు పదార్థమూ తదితరాలూ. ఆ లిగ్నిన్‌ను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ ద్రావణంలో ఉడికించి విడదీస్తారు. మిగిలే నల్లని ద్రవాన్ని పారబోయకుండా చిక్కబరచి బాయిలర్లో కాల్చి, ఆవిరినీ రసాయనాలనూ తిరిగి రాబట్టుకోవడం పెద్ద మిల్లులకు ఉన్న వెసులుబాటు. చిన్న మిల్లుల కాలుష్యం మీద ఒకప్పుడు వచ్చిన ఫిర్యాదుల్లో చాలా భాగం ఈ బాయిలర్ లేకపోవడం వల్ల వచ్చినవే. గుజ్జును తెల్లబరచడానికి నేరుగా క్లోరిన్ వాడిన రోజుల్లో డయాక్సిన్ల వంటి విషాలు వ్యర్థజలంలో చేరేవి. ఆధునిక మిల్లులు క్లోరిన్ డయాక్సైడ్‌కు, ఆక్సిజన్‌కు మారాక అది చాలావరకు తగ్గింది.

నీటి సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రాయగడ మీదుగా పారే నాగావళి కలహండి కొండల్లో పుట్టి, ఈ జిల్లా దాటి పార్వతీపురం వైపు దిగి, తోటపల్లి దగ్గర పొలాలకు నీరిచ్చి, శ్రీకాకుళం పక్కగా సముద్రంలో కలుస్తుంది. ఒడిశాలో పరిశ్రమలు ఏ నీటిని తోడి ఏ నీటిని వదిలినా, దిగువన ఆంధ్రలో తాగేవారికీ పండించేవారికీ దానితో సంబంధం ఉంటుంది. టన్ను కాగితానికి మిల్లులు పదుల వేల లీటర్ల నీరు వాడతాయి. ఆ నీరు 50 వేల లీటర్లు అనుకుంటే, కిలోకు 50 లీటర్లు, గ్రాముకు 50 మిల్లీలీటర్లు.

ఇప్పుడు కరపత్రాన్ని తూకం వేద్దాం. నోటుబుక్కు పేజీ పరిమాణంలో ఉండే ఏ5 కాగితం వైశాల్యం చదరపు మీటరులో దాదాపు 32వ వంతు ఉంటుంది. చదరపు మీటరుకు 60 గ్రాములుండే మామూలు కాగితం మీద అచ్చు వేస్తే దాని బరువు రెండు గ్రాముల లోపే, సుమారు 1.9 గ్రాములు. దానికి పట్టిన నీరు అర గ్లాసు కూడా కాదు. ఒక పట్టణంలో రోజుకు 20 వేల దినపత్రికలు పడతాయని, ప్రతి ఆదివారం ఒక్కో పత్రికలో ఐదు కరపత్రాలు వస్తాయని ఊహిద్దాం. అప్పుడు వారానికి దాదాపు 190 కిలోలు, ఏడాదికి పది టన్నులకు కాస్త తక్కువ. ఇదే లెక్కన పన్నెండు పేజీల దినపత్రిక ఒక్కోటి 45 గ్రాములకు పైగా తూగుతుంది. 20 వేల ప్రతులు ఏడాది పొడవునా పడితే మూడు వందల టన్నులు దాటుతుంది. అంటే ఇంటికి వచ్చే పత్రిక కాగితంతో పోల్చితే కరపత్రాల బరువు నూటికి మూడు పాళ్లు. బరువే కొలమానమైతే ఈ వ్యాసం ఇక్కడ ముగించవచ్చు.

కాని దినపత్రిక గతి వేరు, కరపత్రం గతి వేరు. దినపత్రికను ప్రతి ఇంట్లోనూ మడిచి ఒక మూల పేరుస్తారు, నెలకో రెండు నెలలకో పాత పేపర్లు కొనే కబాడీ బండి వస్తే తూకానికి వేస్తారు, అది మళ్లీ గుజ్జు మిల్లుకు చేరుతుంది. మన దేశంలో తయారయ్యే కాగితంలో అధిక భాగం పాత కాగితం నుంచే తయారవుతోంది. కాగితపు పీచు ఐదారుసార్లు మళ్లీ మళ్లీ గుజ్జు కాగలదు, ఒక్కోసారీ కొంత పొట్టిదై బలహీనపడుతుంది. ఈ చక్రంలో ఉన్నంతకాలం కాగితం వల్ల నష్టం పరిమితం. కరపత్రాన్ని మాత్రం ఎవరూ పేర్చరు. అది పత్రిక తెరవగానే నేల మీదికి జారి, చీపురు కిందకు వెళ్లి, కూరగాయల తొక్కలతో పాటు ఒకే బుట్టలో పడుతుంది. తడిసి, చారు మరకలంటిన కాగితాన్ని ఏ కబాడీ కొనడు. రెండు గ్రాములే అయినా అది చక్రం తెగిన రెండు గ్రాములు.

అంతకంటే పెద్ద తేడా కాగితానికి అంటించిన వాటి వల్ల వస్తుంది. విశాఖ వైపు నుంచి వచ్చే లేఅవుట్ బ్రోషర్లు, పెద్ద ఆసుపత్రుల మడత పత్రాలు మామూలు కాగితం మీద రావు. 130 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 130 గ్రాములు తూగే నున్నని ఆర్ట్ పేపరు మీద వస్తాయి. ఏ4 పరిమాణంలో ఒక్కోటి ఎనిమిది గ్రాములు, అంటే చిన్న కరపత్రాలు నాలుగింటి బరువు. ఆ నునుపుకు కారణం పైన పూసిన తెల్ల సుద్దా సున్నపురాయి పొడీ. గుజ్జు చేసేటప్పుడు ఆ పూత బురదగా విడిపోతుంది, పీచు ఆ మేరకు తక్కువ వస్తుంది. అయినా అది కాగితమే. మెరుపు కోసం దాని మీద అతి పలుచని పాలీప్రొపిలీన్ పొర అతికిస్తే, దాన్ని అచ్చు కార్మికులు లామినేషన్ అంటారు, అది కాగితమూ కాదు ప్లాస్టిక్కూ కాదు. నీళ్లలో నానదు, మామూలు మిల్లులో పీచు విడిపోదు. కాగితం అంచును మెల్లగా చించి చూస్తే తెలుస్తుంది: పొర ఉన్నట్లయితే చినుగు దగ్గర సన్నని పారదర్శకమైన పట్టీ సాగుతుంది. బంగారు, వెండి రేకు ముద్రించిన ఆహ్వాన పత్రాలదీ అదే తీరు. 2022 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఒక్కసారి వాడే ప్లాస్టిక్ నిషేధంలో ఆహ్వాన పత్రాలకూ మిఠాయి పెట్టెలకూ చుట్టే పొరలు, వంద మైక్రాన్లకు తక్కువైన పీవీసీ బ్యానర్లు ఉన్నాయి గాని, బ్రోషరు మీద అతికించిన పొర ఆ జాబితాలో లేదు. చుట్టితే నిషేధం, అతికిస్తే అనుమతి అన్నట్టుంది వ్యవహారం.

చెత్తబుట్టలో పడని కాగితం పొయ్యి కిందకో పెరట్లో మంటలోకో వెళుతుంది. పొర లేని కాగితం కాలితే పొగ, మసి. పొర ఉన్నది కాలితే ప్లాస్టిక్ పొగ కూడా తోడవుతుంది. ఫ్లెక్సీ ముక్కలు కలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు చెత్తను ఆరుబయట కాల్చడాన్ని నిషేధించాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ మామూలు దహనానికి 5 వేల రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చితే 25 వేల రూపాయలు పరిహారంగా వసూలు చేయాలని ఆదేశించింది. పర్లాకిమిడిలోనైనా రాయగడలోనైనా చలికాలం ఉదయం వీధి మలుపు చూస్తే ఆ ఆదేశం ఎంతవరకు చేరిందో అర్థమవుతుంది.

మూడో దారి కూడా ఉంది, దాన్ని మనం పొదుపు కింద లెక్కవేసుకుంటాం. వెనుకవైపు ఖాళీగా ఉన్న కరపత్రాన్ని పిల్లల లెక్కలకు వాడడం మంచిదే. దాన్నే పొట్లం చుట్టి బజ్జీలకో, మసాలా మరమరాలకో వాడడం మంచిది కాదు. అచ్చు సిరాలోని రంగులు, ద్రావకాలు, ఒక్కోసారి సీసం వంటి లోహాలు వేడికీ నూనెకూ కరిగి తిండిలోకి దిగుతాయని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లో హెచ్చరించింది, 2023లో మళ్లీ హెచ్చరించింది. ఆ హెచ్చరిక వార్తాపత్రికలను ఉద్దేశించినదే అయినా, నాలుగు రంగుల కరపత్రం మీద సిరా మరింత దట్టంగా ఉంటుంది.

ఇంట్లో చేయదగిన పని అందువల్ల చాలా చిన్నది, పత్రికల దొంతర పక్కనే కరపత్రాలకూ చోటివ్వడం. పొర ఉన్నవాటిని వేరుచేసి పొడి చెత్తలో వేయడం, మిగిలినవి పాత పేపర్లతో కలిపి తూకానికి వేయడం. ఒడిశా పట్టణాల్లో తడి చెత్తను ఎరువు చేసే కేంద్రాలు, పొడి చెత్తను ఏరి వేరుచేసే కేంద్రాలు వార్డుల సమీపంలోనే నడుస్తున్నాయి. వీటిలో పనిచేసేది చాలాచోట్ల స్వయం సహాయక సంఘాల మహిళలు. అక్కడికి పొడిగా చేరిన కాగితానికి ధర పలుకుతుంది, తడిసి చేరినది వారి శ్రమను పెంచడం తప్ప మరెందుకూ పనికిరాదు.

‘కాగితం మానేసి ఫోన్‌కు పంపితే సరి’ అన్నది వ్యాపారులు సులువుగా చెప్పే పరిష్కారం. పంపే ఖర్చు కాగితం కంటే ఇంకా తక్కువ కనుక అక్కడ సందేశాలు ఇంకా ఎక్కువ వస్తాయి. కంప్యూటర్ భద్రతా సంస్థ మెకాఫీ 2009లో వేసిన ఒక అంచనా ప్రకారం అడగకుండా వచ్చే ఒక్కో ఈమెయిలు (స్పామ్) వెనుక 0.3 గ్రాముల కర్బన ఉద్గారం ఉంది. అందులో అధిక భాగం పంపడం వల్ల కాదు, అందుకున్నవారు వాటిని చూసి, ఏరి, చెరిపేయడానికి కంప్యూటరు ముందు గడిపే సమయం వల్ల. ఆనాటి యంత్రాల లెక్క ఈనాటికి అచ్చంగా సరిపోదు గాని, భారం అందుకునేవాడి మీదే పడుతుందన్న సంగతి మాత్రం మారలేదు.

అయితే ఫోన్ విషయంలో చట్టం కొంత దూరం నడిచింది. 2007లో మొదలైన వద్దన్నవారి జాబితా, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నియంత్రణలతో బలపడింది. 1909కు ఫోన్ చేసి గాని, ఇంగ్లీషు అక్షరాల్లో ‘స్టార్ట్ 0’ అని సందేశం పంపి గాని ప్రచారాలన్నీ ఆపించుకోవచ్చు. ఇళ్ల స్థలాలు, విద్య, వైద్యం, బ్యాంకులు అంటూ విభాగాలవారీగా ఏది కావాలో ఏది వద్దో కూడా ఎంచుకోవచ్చు. సందేశం పంపినవారి పేరు చివర పి అని ఉంటే అది ప్రచారం, ఎస్ ఉంటే సేవ, టి ఉంటే లావాదేవీ, జి ఉంటే ప్రభుత్వం. వద్దన్నాక కూడా వస్తే ఫిర్యాదు చేయడానికి గడువు 2025 ఫిబ్రవరి సవరణతో మూడు రోజుల నుంచి ఏడు రోజులకు పెరిగింది. సరిహద్దు ఊళ్లవారు ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి. చాలా ఇళ్లలో ఒడిశా సర్కిల్ నంబరు ఒకటి, ఆంధ్ర నంబరు ఒకటి ఉంటాయి. వద్దన్న నమోదు మనిషికి కాదు, నంబరుకు. రెండింటి నుంచీ విడివిడిగా నమోదు చేసుకోకపోతే ఒక చేత్తో తలుపు మూసి మరో చేత్తో తెరిచినట్టే. వాట్సాప్‌లో వచ్చేవి ఈ జాబితా పరిధిలోకి రావు, అక్కడ నంబరును నిరోధించి ఫిర్యాదు నొక్కడమే దారి.

కాగితానికి మాత్రం ఇటువంటి జాబితా మన దేశంలో లేదు. పైగా చిరునామా లేని ప్రచార పత్రాలను పోస్ట్‌మాన్ ద్వారా ఇంటింటికీ పంచే సేవను తపాలా శాఖే ‘డైరెక్ట్ పోస్ట్’ పేరుతో అమ్ముతోంది. మన పేరు మీద వచ్చినదాన్ని మాత్రం కాదనే హక్కు ఉంది. కవరు విప్పకుండా ‘తిరస్కరించడమైనది’ అని రాసి, సంతకం, తేదీ వేసి పోస్ట్‌మాన్‌కు ఇస్తే అది పంపినవారికి తిరిగి వెళుతుంది. ఇంట్లో ఎప్పుడో అద్దెకుండి వెళ్లిపోయినవారి పేరున వచ్చేవాటి మీద ‘ఈ చిరునామాలో లేరు’ అని రాసి ఇవ్వాలి. పారేస్తూ పోతే అవి ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాయి. మిల్లులోనో రైల్వేలోనో పనిచేసి విరమించిన పెద్దల ఇళ్లకు పాత వాటాల తాలూకు లావుపాటి వార్షిక నివేదికలు ఇంకా వస్తుంటే, ఆ వాటాలుండే డీమ్యాట్ ఖాతాలో ఈమెయిలు నమోదు చేయిస్తే చాలు. కంపెనీలు నివేదికలను ఈమెయిలులో పంపడానికి 2011లోనే ప్రభుత్వం అనుమతించింది. ఒక్క నివేదిక బరువు చిన్న కరపత్రాలు వందకు పైగా ఉంటుంది కనుక, ఇంట్లో మొదట ఆపవలసింది దాన్నే.

బయటి దేశాల్లో ఈ సమస్యను తలకిందులు చేసి చూసిన నగరం ఒకటుంది. నెదర్లాండ్స్‌లో చాలాకాలం ‘ప్రచారం వద్దు’ అన్న స్టిక్కరు ఉత్తరాల పెట్టె మీద అతికించినవారికి మాత్రమే మినహాయింపు ఉండేది. 2018 జనవరి నుంచి ఆమ్‌స్టర్‌డామ్ ఆ నియమాన్ని తిప్పింది: కావాలని స్టిక్కరు అతికించినవారికే చిరునామా లేని ప్రచారం వేయాలి, ఏదీ అతికించని ఇంటికి వేయకూడదు. ముద్రణ, ప్రచార సంస్థలు కోర్టుకెక్కినా 2021లో ఆ దేశ సుప్రీంకోర్టు నగరం పక్షాన తీర్పు చెప్పింది. మన దగ్గర ఎన్నికల కరపత్రానికి కొంత కట్టుదిట్టం ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షను ప్రకారం ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, చిరునామాలు దాని మీద ఉండాలి, లేకపోతే ఆరు నెలల జైలు, రెండు వేల రూపాయల జరిమానా వరకు శిక్ష. అది ఓటు పవిత్రత కోసం చేసిన నియమం, చెత్త కోసం కాదు. అయినా కాగితం వెనుక మనిషి ఎవరో తెలిసి ఉండాలన్న ఆ సూత్రాన్నే పురపాలక సంఘాలు వ్యాపార కరపత్రానికి వర్తింపజేసి, ప్రతుల సంఖ్యను బట్టి చెత్త రుసుము వేస్తే, పంపేవాడి లెక్కలో లేని నాలుగో ఖర్చు అక్కడికి చేరుతుంది. రోడ్డు పక్కన హోర్డింగు పెడితే పన్ను వసూలు చేసే సంఘానికి ఇది కొత్త పని కాదు.

అప్పటిదాకా మిగిలిన దారి పేపర్ ఏజెంటే. ‘మా ఇంటి పత్రికలో కరపత్రాలు పెట్టవద్దు’ అని నెల బిల్లు చెల్లించేటప్పుడు చెబితే ఒక్క ఇంటి కోసం అతడు పట్టించుకోడు. తెల్లవారుజామున దొంతర చూసి ఒక ప్రతిని విడదీయడం పేపర్ కుర్రాడికి అదనపు పని. వీధిలోని పదిహేను ఇరవై ఇళ్లవారు కలిసి చెబితే ఆ వీధి దొంతర మొత్తం వేరుగా కట్టడం అతడికే సులువు. ప్రచారకర్త దగ్గర వెయ్యికి ఇంత అని తీసుకునే ఏజెంటు, ఆ ఇరవైనీ మినహాయించి అడుగుతాడా లేదా అన్నది వేరే సంగతి.